వేట అనే ఒక్క మాట



మన తెలుగులో ఒక చిత్రమైన సంగతి ఉంది. అడవికి వెళ్లి దుప్పిని కొట్టడాన్ని వేట అంటాం. సముద్రం మీదికి వెళ్లి చేపను పట్టడాన్నీ వేట అనే అంటాం. గంజాం తీరం వెంబడి ఏ తెలుగు పల్లెలోనైనా ఒక పిల్లవాణ్ణి ఆపి, మీ నాన్న ఏడిరా అని అడగండి. "ఏటకెల్లాడు" అంటాడు. అది విని మనకెవరికీ తుపాకీ గుర్తుకు రాదు, పడవే గుర్తుకు వస్తుంది. ఒడియాలో ఇలా కుదరదు. అక్కడ శికార వేరు, మాఛ ధరిబా వేరు. తరగతిలో రోజూ రెండు భాషల మధ్య తిరిగేవాణ్ణి కనుక ఇలాంటి తేడాలు నా కంట పడుతూ ఉంటాయి.

మా బడిలో శనివారం మధ్యాహ్నాలు ఒక సంఘం నడుస్తోంది. దానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఈ మాటే అడ్డం వచ్చింది. కొందరు పిల్లలు "ప్రకృతి మిత్రులు" అన్నారు. అది ఏ బడి గోడ మీదనైనా కనిపించే పేరే. ఒక జాలారి కుర్రాడు లేచి, "వేట సంఘం అని పెడదాం సార్" అన్నాడు. అందరూ నవ్వారు, ప్రధానోపాధ్యాయులు తప్ప. వేట అని బోర్డు రాస్తే, రేపు అటవీ శాఖ వాళ్లు వచ్చి అడిగితే ఏం చెబుతారు అన్నారాయన. ఆయన సందేహంలో న్యాయం ఉంది. చివరికి బోర్డు మీద శనివారం సంఘం అని రాశాం. పిల్లలు మాత్రం తమలో తాము వేట సంఘం అనే చెప్పుకుంటారు. వాళ్ల మాటే సరైనదని నా అభిప్రాయం. ఎందుకో ఈ ప్రసంగంలో చెప్పడానికి ప్రయత్నిస్తాను.

సంఘంలో ముప్పై మందికి పైగా ఉన్నారు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివేవాళ్లు. సగం మంది ఒడ్డు పల్లెల నుంచి వస్తారు. ఇళ్లలో తెలుగు, వీధిలో ఒడియా, బడిలో రెండూ. మిగతా సగం బరంపురం వైపు ఉద్యోగస్తుల పిల్లలు, దుకాణదారుల పిల్లలు. వీళ్లు సముద్రాన్ని గోపాలపురం తీరంలో, ఆదివారం సాయంత్రం, చేతిలో వేరుశనగకాయల పొట్లంతో చూసినవాళ్లు.

బడుల్లో పర్యావరణ సంఘాలు కొత్తవి కావు. జాతీయ హరిత దళం పేరుతో కేంద్ర ప్రభుత్వం 2001 ప్రాంతంలో మొదలుపెట్టిన పథకం కింద దేశమంతటా ఇలాంటివి వెలిశాయి. చాలా చోట్ల ఒక మొక్క నాటి, ఒక ఊరేగింపు తీసి, ఫోటో దిగితే ఆ ఏటికి పని అయిపోయినట్టే. మేమూ మొక్కలు నాటాం. వాటిలో సగం మేకలు తిన్నాయి. అది పక్కన పెడదాం.

మేం శనివారాలు చేసేది మరొకటి. పిల్లల్ని ఒడ్డుకు తీసుకుపోతాం. అక్కడ వల వేయడం, గాలం కట్టడం, ముడులు వేయడం, ఇసుక మీద అడుగుల గుర్తులు చదవడం, గాలి దిక్కు చూడడం, ఆటుపోట్ల లెక్క కట్టడం నేర్పుతాం. నేర్పుతాం అన్నాను గాని నేర్పేది నేను కాదు. నాకు బి.ఇడి.లో ఇవేవీ చెప్పలేదు. నేర్పేది ఆ పల్లెల్లో సముద్రం మానుకున్న ముసలివాళ్లు. అందులో ముఖ్యంగా ఒక తాత ఉన్నాడు. డెబ్బై దాటాయి. పిల్లలు ఆయన్ని తాతా అనే పిలుస్తారు, నేనూ అంతే.

మొదలుపెట్టిన రెండో వారమే ఒక తల్లి బడికి వచ్చింది. చేపల గంప దింపి, గుమ్మం బయటే నిలబడి అడిగింది. "ఏటి మాస్టారూ, సేపలు పట్టడం నేర్పడానికేనా మేం బడికంపింది? అది నేర్పడానికి ఆడి అయ్య లేడా ఇంటికాడ?"

శ్రోతలు దయచేసి ఆ తల్లి మాటను తేలిగ్గా తీసుకోకండి. ఆమె అడిగినదానికి మంచి కారణం ఉంది. సముద్రం వాళ్లకు అన్నం పెట్టింది, మనుషుల్నీ తీసుకుంది. తన కొడుకు చేతికి తెడ్డు కాకుండా పెన్ను రావాలని ఆమె గంప మోస్తోంది. అలాంటిది బడే మళ్లీ పిల్లవాణ్ణి వల దగ్గరికి తీసుకుపోతే ఆమెకు మోసంగా తోచదా? ప్రకృతి ఒడిలో పిల్లలు వికసిస్తారు వంటి మాటలు ఆమె ముందు పనికిరావు.

నేను ఆమెకు చెప్పింది ఇంతే. అమ్మా, నీ కొడుకు లెక్కల్లో వెనకబడ్డాడు, తరగతిలో చివరి బల్ల మీద తల దించుకుని కూర్చుంటాడు. శనివారం నాడు ఒకసారి వచ్చి చూసి, తర్వాత వద్దంటే మానిపిస్తాను. ఆమె ఆ శనివారం రాలేదు, బేరం పోతుందని. మూడు వారాల తర్వాత వచ్చింది. ఆ రోజు ఒడ్డున అలివి వల లాగుతున్నారు.

అలివి వల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. వల తాడు ఒక కొసను ఒడ్డున మనుషులకు అప్పగించి పడవ బయలుదేరుతుంది. వలను నీటిలో వదులుతూ అర్ధచంద్రాకారంలో తిరిగి, రెండో కొసతో కొంత దూరంలో ఒడ్డుకు చేరుతుంది. అప్పుడు రెండు జట్లు రెండు తాళ్లూ లాగుతాయి. లాగే కొద్దీ జట్లు ఒకదానికొకటి దగ్గరవుతాయి. నడుమ ఉన్న సంచి ఒడ్డుకు వస్తుంది. చూసేవాళ్లకు అది బలం పనిలా కనిపిస్తుంది. బలంతో పాటు చూపు కూడా కావాలి. రెండు జట్లూ ఒకే వేగంతో లాగకపోతే సంచి పక్కకు తిరుగుతుంది, చేప జారిపోతుంది. తాత ఒక ఎత్తైన చోట నిలబడి, నీటి మీద తేలే బెండ్ల వరుసను చూస్తూ, ఒకసారి ఈ జట్టును ఆగమంటాడు, ఒకసారి ఆ జట్టును తొందరపెడతాడు.

ఆ రోజు తాత తన చోటులో ఆ తల్లి కొడుకును నిలబెట్టాడు. పద్నాలుగేళ్లవాడు. పట్నం పిల్లలు, వాళ్లలో తరగతిలో మొదటి ర్యాంకు వచ్చే అమ్మాయి కూడా ఉంది, వాడి చేయి ఎప్పుడు ఎటు కదిలితే అటు లాగారు. సంచిలో పెద్దగా ఏమీ పడలేదు. నెత్తళ్లు, కాసిని కవళ్లు, ఒక జెల్ల, బోలెడు ప్లాస్టిక్ కవర్లు. ఆ తల్లి ఒడ్డున నిలబడి అంతా చూసింది. నాతో ఏమీ అనలేదు. పిల్లవాణ్ణి మానిపించలేదు.

అసలు బడి పని ఆ తర్వాత మొదలవుతుంది. వచ్చిన చేపను పంచడం ఉంది కదా, అందులో ఎంత లెక్క ఉందో చూడండి. అమ్మిన డబ్బులో ముందు ఖర్చులు తీసేస్తారు. మిగిలింది పాళ్లు వేస్తారు. వలకు ఇన్ని, పడవకు ఇన్ని, లాగిన మనిషికి ఇంత. వల ఒకరిది, పడవ మరొకరిది కావచ్చు. ఒకే మనిషికి రెండు వైపుల నుంచీ పాలు రావచ్చు. భిన్నాలూ నిష్పత్తులూ పుస్తకంలో మామిడిపళ్లతో, గుమాస్తాల జీతాలతో చెబితే ముఖం తిప్పుకునే పిల్లలు, పాళ్ల లెక్క వేసేటప్పుడు నా తప్పులే పట్టుకోబోయారు. మళ్లీ సోమవారం నల్లబల్ల మీద అదే లెక్క వేశాను, వలను తీసేసి అంకెలు మాత్రం ఉంచి. చివరి బల్ల నుంచి జవాబు వచ్చింది.

ఆటుపోట్ల సంగతీ అంతే. ఒడ్డున ఒక కర్ర పాతి, నీరు ఎక్కడిదాకా వచ్చిందో గుర్తు పెట్టుకోమన్నాం. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దది, అష్టమి దగ్గర చిన్నది. ఇది పల్లె పిల్లలకు పుట్టుకతో తెలిసినట్టే. పోటు సమయం రోజురోజుకూ వెనక్కి జరుగుతుందనీ తెలుసు. ఎంత జరుగుతుంది అంటే చెప్పలేకపోయారు. నెల రోజులు రాసి చూస్తే సగటున రోజుకు సుమారు 50 నిమిషాలు తేలింది. చంద్రుడు తన దారిలో రోజూ కొంత ముందుకు సాగుతాడు, అతన్ని అందుకోవడానికి భూమి ఆపాటిసేపు అదనంగా తిరగాలి. ఈ మాట నేను చెప్పేసరికి తాత, "అందుకే గదా, ఇయ్యాల పొద్దున ఏసిన అలివి, వారం పోతే మధ్యాన్నం ఏస్తాం" అన్నాడు. ఆయన దగ్గర ఫలితం ఉంది, పుస్తకంలో కారణం ఉంది. రెండూ ఒకచోట కలవడం చూసిన పిల్లవాడికి పాఠం మరవమన్నా మరవడు.

ఒడ్డు కనిపించనంత దూరం పోయినప్పుడు చోటు ఎలా గుర్తు పెట్టుకునేవారని ఒక అమ్మాయి అడిగింది. ఇప్పుడైతే జి.పి.ఎస్. ఉంది, జేబులో ఫోన్ ఉంది. తెప్పల కాలంలో కొండలే గుర్తులు. ఒడ్డు మునిగిపోయినా కొండ శిఖరం కనిపిస్తుంది. గజపతి జిల్లాలో ఉన్న మహేంద్రగిరి 1,500 మీటర్ల ఎత్తు. ఒక కొండ శిఖరం మరో దాని మీదికి సరిగ్గా వచ్చే గీత ఒకటి, ఇంకో వైపు గుడి గోపురమో దీపస్తంభమో మరో దానితో కలిసే గీత ఇంకొకటి. ఆ రెండు గీతలూ ఎక్కడ కలుస్తాయో అక్కడ నీటి అడుగున రాతి బండ ఉంది, చేప ఉంది. రెండు సరళరేఖలు ఒకే బిందువు వద్ద ఖండించుకుంటాయి అని మనం తొమ్మిదో తరగతిలో చెబుతున్నదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

హైదరాబాదులో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది. ఉపగ్రహాలు చూసిన సముద్రపు రంగును బట్టి, ఉపరితలం వేడిని బట్టి చేపలు ఎక్కడ గుమిగూడే అవకాశం ఉందో అది మత్స్యకారులకు చెబుతుంది. నీటిలో నాచు వంటి సూక్ష్మజీవులు ఎక్కువైతే రంగు మారుతుంది, వాటి వెంట చిన్న చేప, దాని వెంట పెద్ద చేప. తాతకు ఉపగ్రహం లేదు. నీటి రంగు ఆయనా చూసేవాడు, పైన పక్షులు ఎక్కడ మూగుతున్నాయో చూసేవాడు. ఇది చెప్పి, పాతవాళ్లకు అన్నీ తెలుసు అని తీర్పు ఇవ్వబోవడం లేదు. ఫైలిన్ తుపాను 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. లక్షల మందిని ముందే తరలించారు కనుక ప్రాణాలు దక్కాయి. అది ఉపగ్రహాల వల్ల, రేడియో వల్ల, అధికారుల పట్టుదల వల్ల జరిగిన పని. ఇసుక మీద పీతల నడక చూసి లక్షల మందిని కదిలించలేం. పిల్లవాడికి రెండూ తెలియాలి. ఏది ఎక్కడ పనికొస్తుందో కూడా తెలియాలి.

మా సంఘంలో ఒక పెద్ద నోటు పుస్తకం ఉంది. ప్రతి పేజీ నడుమ ఒక గీత. ఎడమవైపు తెలుగు, కుడివైపు ఒడియా, ఎవరి లిపిలో వాళ్లు. పండుగప్ప పక్కన భెక్టి. రొయ్య పక్కన చింగుడి. పీత పక్కన కంకడా. వల పక్కన జాల. తాబేలు పక్కన కైంఛ. కొన్ని మాటలకు కుడివైపు నిండదు. కొన్నింటికి ఎడమవైపు నిండదు. నన్ను కలవరపెట్టింది వేరే విషయం. ఎడమవైపు నిండవలసిన మాటలు పిల్లలకు రావడం లేదు, వాళ్ల తండ్రులకు వస్తాయి. తండ్రులకు రానివి తాతకు వస్తాయి. దక్షిణం నుంచి వీచే చల్లగాలి పైరగాలి అని ఇద్దరు పిల్లలే చెప్పగలిగారు. మిగతావాళ్లకు అన్నీ గాలులే. వంజరానికీ కానాగంతకూ పేర్లు బతికే ఉన్నాయి, సంతలో అమ్ముడుపోతాయి గనుక. గాలులు, నీటి పోకడలు, వల భాగాలు అమ్ముడుపోవు, వాటి పేర్లు ముందు పోతున్నాయి.

మన గంజాం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రంలో చేరింది. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గోపాలపురం రేవు నుంచి రంగూనుకు ఓడలు నడిచే రోజుల్లో ప్రయాణికుల్ని అలలు దాటించి ఓడ దగ్గరికి చేర్చింది ఈ తీరపు పడవవాళ్లే. ఒడియావారు వీళ్లను నోలియాలు అంటారు. మన భాష ఇక్కడ ఎక్కడ బతికింది అని ఎవరైనా అడిగితే, సభల్లో, సన్మానాల్లో వెతుకుతాం. పడవ మీద వెతకం. తెలుగు మాధ్యమం తరగతులు ఇక్కడ తగ్గిపోతున్నాయని బాధపడే పెద్దలు, ఆ పడవ మీది తెలుగును చదువుకున్న తెలుగుగా లెక్కలోకి తీసుకున్నట్టు నాకు కనిపించలేదు.

ఇక వేట అనే మాటకు మొదటి అర్థం. అడవి వేట.

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972లో వచ్చింది. అప్పట్లో కొన్ని జంతువులను లైసెన్సు మీద వేటాడే వీలు ఇంకా ఉండేది. 1991 సవరణతో సరదా వేట అన్నది ముగిసిపోయింది. ఇది పిల్లలకు మొదటి రోజే చెబుతాం. గులేరుతో ఉడుతను కొట్టినా అది తమాషా కింద రాదు అని చెబుతాం. అయితే మన చుట్టూ వేట పండుగలుగా ఉన్న సమాజాలు ఉన్నాయి. కోరాపుట్ వైపు చైత్ర మాసంలో చైత పరబ్‌కు మగవాళ్లు కట్టకట్టుకుని వేటకు పోయేవారు. ఒట్టి చేతులతో తిరిగి వస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఎగతాళి చేసేవారు. ఆంధ్రాలో అరకు లోయ వైపు ఇటికల పండుగ కూడా ఆ కోవలోదే. ఈ సంగతి చెప్పినప్పుడు పట్నం పిల్లలు మొహం చిట్లిస్తారు. కోళ్ల ఫారం నుంచి తెచ్చిన కూర తింటూ గిరిజనుణ్ణి చూసి అసహ్యించుకోవడంలో అర్థం లేదని వాళ్లకు గట్టిగానే చెప్పాను.

నా దృష్టిలో వేటలో చంపడం చిట్టచివరి క్షణం. దానికి ముందు గంటలు గంటలు ఉంటాయి. గాలి ఎటు వీస్తోంది, జంతువు నీటికి ఎప్పుడు వస్తుంది, ఈ అడుగు నిన్నటిదా ఇవాళ్టిదా, గోరు గుర్తు ఉందా లేదా. కుక్క జాతి అడుగులో గోళ్లు పడతాయి, పిల్లి జాతి నడకలో గోళ్లు లోపలికి ముడుచుకుంటాయి కనుక పడవు. తెల్లవారుజామున ఇసుక మీద నక్క అడుగుల్నీ ఊరకుక్క అడుగుల్నీ వేరు చేయడం మాత్రం అంత సులువు కాదు. మా పిల్లలు దాని మీద ఒక శనివారమంతా వాదులాడుకున్నారు, తేల్చలేదు. ఆ చిట్టచివరి క్షణాన్ని చట్టం తీసేసింది, మంచిదే. దానితో పాటు ముందున్న గంటల విద్య కూడా పోవలసిన అవసరం లేదు.

ఇది నా ఊహ కాదు, ఇక్కడికి దగ్గరలోనే రుజువు ఉంది. చిలికా సరస్సు ఈశాన్యపు ఒడ్డున, ఖుర్దా జిల్లాలో మంగళాజోడి అనే ఊరు ఉంది. ఒకప్పుడు అక్కడ వలస పక్షుల్ని వల వేసి, మందు పెట్టి పట్టి అమ్మేవారు. పక్షులు బాగా తగ్గిపోయాయి. అక్కడి వేటగాళ్లే 2000 ప్రాంతంలో పక్షి రక్షణ సమితిగా ఏర్పడ్డారు. ఇప్పుడు శీతాకాలంలో లక్షల పక్షులు దిగుతాయి. చూడవచ్చేవారిని గడ కర్ర పడవల్లో తిప్పేవాళ్లలో ఆ పాత వేటగాళ్లున్నారు. ఏ పక్షి ఏ గడ్డిలో దాక్కుంటుందో పట్టడానికి నేర్చుకున్న చూపే, ఇప్పుడు చూపించడానికి పనికొస్తోంది. సలీం అలీ కథ కూడా ఇలాంటిదే. కుర్రాడిగా బొంబాయిలో ఎయిర్ గన్‌తో ఒక పిచ్చుకను కొట్టాడు. గొంతు మీద పసుపు మచ్చ చూసి, ఇది మామూలు పిచ్చుక కాదే అని 1908లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి పట్టుకుపోయాడు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ ఆ కుర్రాణ్ణి కసరలేదు. లోపలికి తీసుకుపోయి, పెట్టెల్లో భద్రపరిచిన పక్షుల్ని చూపించాడు. మన దేశపు పక్షి శాస్త్రం ఆ సొరుగుల్లోంచి ఎంతో దూరం వచ్చింది. ఉపాధ్యాయులు వింటూ ఉంటే, ఆ మిల్లార్డ్ చేసిన పనిని ఒకసారి తలచుకోవాలి.

మన గంజాంలోనే భేట్నాయి, బాలిపదర్ ప్రాంతంలో కృష్ణజింకలు పొలాల్లో తిరుగుతాయి. అవి ఉంటేనే వాన అని రైతుల నమ్మకం. పంట తిన్నా కొట్టరు. 2021 లెక్కల్లో జిల్లాలో ఇవి ఏడు వేలకు పైగా తేలాయి. మా పిల్లల్ని అక్కడికి ఒకసారి తీసుకుపోయాం. దూరం నుంచి చూసి, గంతు పొడవు అడుగులతో కొలిచి వచ్చారు.

ఇన్ని చెప్పి తాబేళ్ల విషయం దాటేస్తే మన తీరంలో ఎవరూ ఒప్పుకోరు. ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట, పురుణాబంధ, గోఖర్‌కుదా, పొడంపేట ఊళ్ల ముందు ఇసుక మీదికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు ఒకేసారి లక్షలుగా వచ్చి గుడ్లు పెడతాయి. బయటి శాస్త్ర ప్రపంచానికి ఈ చోటు 1994లో తెలిసింది. ఒక్కో తాబేలు వంద, నూట ఇరవై దాకా గుడ్లు పెడుతుంది. ఇసుక వేడిని బట్టి పిల్ల ఆడదో మగదో తేలుతుంది. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. 2023లో ఆరు లక్షలకు పైగా వచ్చాయి. 2024లో ఇక్కడ ఆ సామూహిక రాక జరగనే లేదు. 2025లో దాదాపు ఏడు లక్షలు.

ఏడు లక్షలు అనగానే పట్నం పిల్లలు చప్పట్లు కొట్టారు. పల్లె పిల్లలు కొట్టలేదు. ఒకడు లేచి అడిగాడు. "తాబేలు కోసం ఏడు నెలలు వేట ఆపమంటారు. మా ఇంట్లో ఏడు నెలలు పొయ్యి ఆపగలమా సార్?"

వాడు చెప్పిన ఏడు నెలలు ఏమిటో తెలియనివారి కోసం చెబుతాను. ఏటా నవంబరు 1 నుంచి మే 31 దాకా ధామ్రా, దేవి, ఋషికుల్య నదీముఖాల ప్రాంతంలో తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల మరపడవలకూ మోటారు పడవలకూ చేపల వేట నిషేధం. ఇది కాక తూర్పు తీరమంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, చేప గుడ్లు పెట్టే కాలమని, మరో 61 రోజులు. తాబేలు గాలి పీల్చుకునే జీవి. ట్రాలు వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాలను మా పిల్లలు చూశారు, లెక్క రాశారు. కనుక నిషేధానికి కారణం ఉంది. అయితే పెద్ద ట్రాలరు చేసిన నష్టానికి చిన్న పడవ కూడా ఒడ్డునే కూర్చోవాలా అన్నది న్యాయమైన ప్రశ్న. సహాయం సొమ్ము అందరికీ అందదని పల్లెల్లో ఫిర్యాదు ఉంది. నేను ఆ పిల్లవాడికి సమాధానం చెప్పలేదు. వాడి ప్రశ్నను నోటు పుస్తకంలో రెండు భాషల్లోనూ రాయించాను. తాబేలు లెక్క రాసిన పేజీకి ఎదురు పేజీలో అది ఉంది. చూడవచ్చిన పెద్దలకు రెండు పేజీలూ కలిపి చూపిస్తాం.

చిత్రమేమిటంటే, ఆ ప్రశ్న వేసిన కుర్రాడే గుడ్లు పొదిగే వారాల్లో అందరికన్నా ముందుంటాడు. గుడ్లోంచి బయటపడిన పిల్ల రాత్రి వెలుతురున్న వైపు పోతుంది. సముద్రం మీద ఆకాశపు వెలుగే దానికి దారి. ఒడ్డు మీద వీధిదీపం ఉంటే అటు నడిచి, కుక్కల నోట పడుతుంది. తాబేళ్ల రక్షణకు అక్కడి పల్లెల యువకుల సంఘం చాలా ఏళ్లుగా పని చేస్తోంది. అటవీ శాఖ అనుమతితో, వాళ్ల వెంట ఉండి మా పెద్ద పిల్లలు దీపాలకు అడ్డుతెరలు కట్టడంలో సాయపడ్డారు. ముడులు గట్టిగా వేసింది వలలు అల్లే ఇళ్ల పిల్లలే అని వేరే చెప్పక్కరలేదు.

సముద్రం దగ్గర పిల్లలంటే తల్లిదండ్రులకు భయం ఉంటుంది, ఉండాలి కూడా. మా నియమాలు కొద్దే. మోకాలి లోతు దాటకూడదు. మొగ దగ్గరికి ఎవరూ పోకూడదు. పడవ ఎక్కడం లేదు. ఈత వచ్చిన పెద్దలు ఇద్దరైనా ఒడ్డున ఉండాలి. ఉదయం రేడియోలో వాతావరణ సూచన విన్న తర్వాతే బయలుదేరాలి, రేవులో ప్రమాద సూచిక ఏ నంబరుదైనా ఎగిరితే ఆ రోజు సంఘం తరగతి గదిలోనే. ఇంకొకటి అందరికీ నేర్పుతాం. అల విరిగిన నీరు వెనక్కి పోతూ మనిషిని లోపలికి లాగితే, ఒడ్డు వైపు ఎదురీదకూడదు. బలం అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు దాటాక ఒడ్డుకు తిరగాలి. గోపాలపురంలో స్నానానికి దిగే ప్రతి ఒక్కరికీ ఇది తెలిసి ఉంటే బాగుండును.

తాతకు ఏమిస్తున్నారని మీరు అడగవచ్చు. ఇవ్వాలనే ప్రయత్నించాం. బయటివారు వచ్చి పాఠం చెబితే గౌరవ వేతనం ఇవ్వడానికి ఒక ఫారం ఉంది. అందులో మూడో గడి, విద్యార్హత. తాత వేలిముద్ర వేసే మనిషి. ఆ గడి ఖాళీగా ఉంటే కాగితం ముందుకు కదలదట. ఏం రాయమంటారు అని పిల్లల్నే అడిగాను. యాభై ఏళ్ల వేట అని రాయండి సార్ అన్నారు. అలాగే రాశాను. కాగితం తిరిగి వచ్చింది. మళ్లీ అలాగే రాసి పంపాను. ప్రస్తుతానికి ఉపాధ్యాయులం తలా కొంత వేసుకుని ఇస్తున్నాం. తాత డబ్బు తీసుకుంటాడు, ఏ మొహమాటమూ లేకుండా. తన పాలు తనది.

ఇప్పుడు శ్రోతలతో నాకు ఒక పని ఉంది. మా నోటు పుస్తకంలో గాలుల పేజీ సగం ఖాళీగా ఉంది. పైరగాలి రాశాం. రాత్రివేళ నేల మీంచి సముద్రం మీదికి పోయే గాలికి కొండగాలి రాశాం. తుపాను ముందు వచ్చే గాలికి, చేప పైకి తేలే గాలికి, అలివి వల వేయవద్దనే గాలికి మా దగ్గర తెలుగు పేర్లు లేవు. తాత కొన్ని చెప్పాడు గాని, ఆయన చెప్పిన పేరూ పక్క పల్లె ఆయన చెప్పిన పేరూ కలవలేదు. గంజాంలోగాని, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోగాని, అవతల శ్రీకాకుళం తీరంలోగాని మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే అడగండి. వాళ్లు చెప్పిన పేరు, ఏ నెలలో వీస్తుందో, ఏ దిక్కు నుంచో, ఒక కార్డు మీద రాసి ఈ రేడియో కేంద్రానికి పంపండి. మీ ఊరి పేరు మరవకండి. పేర్లు కలవకపోయినా ఫరవాలేదు, అన్నీ రాసుకుంటాం.